పాత ఇంజనుకు కొత్త స్ప్రింగులు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచిక తీసుకొస్తున్నాము, మీరు కూడా ఏదైనా మాట్లాడాలి అని కార్యదర్శిగారు అడిగారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను వేరే విషయం ఎత్తుకుంటానన్నాను. ఏమిటది అని అడిగారు. మోటారు కారు ఇంజనులోని వాల్వులు అన్నాను. వారు నవ్వి, “మన వయసువాళ్ళకు గుండె వాల్వుల గురించి చెబితే వింటారు గాని, కారు వాల్వులు ఎందుకండీ?” అన్నారు. రెంటికీ పని ఒక్కటే. తెరుచుకోవలసిన క్షణంలో తెరుచుకోవాలి, మూసుకోవలసిన క్షణంలో పూర్తిగా మూసుకోవాలి. కాస్త ఓపిక పట్టి వినవలసిందిగా మనవి.

నేను ఇంజనీరును కాను. రెంచి పట్టుకుని నట్టు విప్పినవాడినీ కాను. 34 సంవత్సరాల సర్వీసులో 19 సంవత్సరాలు ఒక ప్రభుత్వ శాఖవారి వాహనాల వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తాగా పనిచేశాను. జీపులు, అంబాసిడర్లు, లారీలు అక్కడికి వచ్చేవి. ఏ సామానుకు ఎన్నిసార్లు ఇండెంటు వస్తున్నదో, ఏది మార్చిన నెలకు ఇంకేది కావాలని మేస్త్రి వచ్చి నిలబడతాడో నా లెడ్జరు చూస్తే తెలిసిపోయేది. గట్టి సామాను వేసిన బండి కొన్నాళ్ళకు దాని పక్క సామాను చెడి తిరిగి వచ్చేది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ముక్కే. కాకపోతే దానిని విడమరిచి చూపే ఉదాహరణ నాకు మన ఊళ్ళో దొరకలేదు, అమెరికాలో దొరికింది.

మా అబ్బాయి మిచిగాన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాడు. అది కార్ల ఫ్యాక్టరీలకు పేరుమోసిన ప్రాంతం. మన తెలుగువారు కూడా అక్కడ బాగానే ఉన్నారు. రెండు దఫాలుగా అక్కడ ఉండి వచ్చాను. పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన వ్యక్తి, వయసు 80 దాటింది. ఆయన గ్యారేజీలో 1969 నాటి షెవర్లే కమారో కారు ఒకటి ఉంది. చనిపోయిన తమ్ముడిది. దానిని మళ్ళీ రోడ్డెక్కించి మనవరాలి చేతికి తాళాలు ఇవ్వాలని ఆయన కోరిక. నాకు ఊసుపోక, ఆయనకు తోడు లేక, ఇద్దరం ఆ గ్యారేజీలో చాలా సాయంత్రాలు గడిపాము.

ముందు వాల్వుల సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. ఇంజను సిలిండరులోకి గాలి, పెట్రోలు రావటానికి ఒక తలుపు, పొగ పోవటానికి ఇంకొక తలుపు ఉంటాయి. ఆ తలుపులే వాల్వులు. పుట్టగొడుగును తలకిందులుగా పెట్టినట్లు, సన్నని కాడ, వెడల్పాటి తల. వాటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్. అది ఒక ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో మిట్టలు ఉంటాయి. ఆ మిట్ట తిరుగుతూ ట్యాపెట్‌ను పైకి తోస్తుంది. ట్యాపెట్ పుష్ రాడ్డును తోస్తుంది. పుష్ రాడ్డు రాకర్ ఆర్మ్ ఒక చివరను ఎత్తుతుంది. మన పొలాల్లో ఏతాము చూసినవారికి రాకరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక కొస లేస్తే రెండవ కొస దిగుతుంది. ఆ దిగిన కొస వాల్వును నొక్కి తెరుస్తుంది. తెరిచిన వాల్వును మళ్ళీ మూసేది ఎవరు? స్ప్రింగు. తెరవటానికి ఇంతమంది ఉన్నారు, మూయటానికి మాత్రం ఆ స్ప్రింగు ఒక్కటే దిక్కు.

ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే క్యామ్ షాఫ్ట్ అందులో సగం, అంటే 3000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. మనం “రామా” అని ఒకసారి అనుకునే లోపల అన్నిసార్లు. పైగా వేగం పెరిగితే స్ప్రింగు మీద భారం అదే లెక్కన పెరగదు, వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 5000 చుట్ల నుంచి 6000 చుట్లకు పోతే వేగం పెరిగింది 20 శాతమే. వాల్వును వెనక్కు లాగటానికి కావలసిన బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది. 7000 చుట్లకు పోతే దాదాపు రెట్టింపు. ఆ బలం స్ప్రింగుకు చాలనప్పుడు వాల్వు క్యామ్ మిట్టను వదిలేసి గాలిలో తేలుతుంది. సమయానికి మూసుకోదు, మూసుకున్నప్పుడు దబ్బున పడి ఎగురుతుంది. ఈ లోపల కింద నుంచి పిస్టన్ పైకి వస్తూ ఉంటుంది. రెండూ తగిలితే వాల్వు వంగుతుంది. తల విరిగి లోపల పడితే పిస్టన్, హెడ్డు అన్నీ పోతాయి. ఒక చిన్న స్ప్రింగు నీరసపడినందుకు ఇంజను మొత్తం తుక్కు కిందికి పోతుంది.

ఇప్పుడు ఆ కారు ఇంజను చరిత్ర కొంచెం. షెవర్లేవారి ఈ వి8 ఇంజను మొదట 1955 మోడలు కార్లలో వచ్చింది. అప్పటి చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్. 265 ఘనపు అంగుళాలు, అంటే మన లెక్కలో సుమారు 4.3 లీటర్లు. 8 సిలిండర్లు, 16 వాల్వులు. ఇందులో రాకర్లు ఒక చిత్రం. మన అంబాసిడరులో రాకర్లన్నీ ఒకే షాఫ్టు మీద వరుసగా గుచ్చి ఉంటాయి. ఇక్కడ అట్లా కాదు. ఇనుప రేకును ప్రెస్సులో నొక్కి గరిటె లాగా చేసిన రాకరు ఒక్కొక్కటీ విడిగా ఒక్కొక్క స్టడ్డు మీద కూర్చుంటుంది. మధ్యలో ఒక గుండ్రని బాల్, పైన ఒక నట్టు, అంతే. అదే ఏడు పాంటియాక్ ఇంజనులో కూడా ఈ పద్ధతే వచ్చింది. తేలిక, చవక, బిగించటం సులువు. మామూలు వాడకానికి ఏ లోటూ లేదు.

తరువాత జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు వచ్చాడు. 1909లో బ్రసెల్స్‌లో పుట్టిన రష్యన్ దంపతుల బిడ్డ, 1953లో జనరల్ మోటార్స్‌లో చేరాడు. ఆయన తయారుచేసిన క్యామ్‌కు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1957లో 283 ఘనపు అంగుళాల ఇంజను ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 283 అశ్వశక్తి ఇచ్చింది. ఘనపు అంగుళానికి ఒక అశ్వశక్తి అని కంపెనీవారు గొప్పగా చాటుకున్నారు. 1967 నాటికి ఇంజను 350 ఘనపు అంగుళాలకు, అంటే 5.7 లీటర్లకు పెరిగింది. మా పక్కింటాయన కారులో ఉన్నది ఇదే. కంపెనీ చెప్పిన శక్తి 300 అశ్వశక్తి. ఆ రోజుల్లో వారు ఫ్యాను, సైలెన్సరు వంటివి లేకుండా ఇంజనును విడిగా పెట్టి కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచే పద్ధతి వచ్చాక అంకెలు దిగిపోయాయి. కనుక పాత అంకెలను, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చరాదు.

ఇక అసలు విషయం. తమ్ముడు బ్రతికి ఉండగానే ఆ ఇంజనుకు ఎక్కడో ఒక షాపువారి చేత గట్టి వాల్వు స్ప్రింగులు వేయించాడట. ఇంకేమీ మార్చలేదు. ఎక్కువ వేగం తిప్పాలని సరదా. మొదటి కొద్ది వారాలు బాగానే ఉంది. తరువాత టకటకమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే రాకరు కూర్చునే స్టడ్డు ఒకటి హెడ్డులో నుంచి కొంచెం కొంచెంగా పైకి లేచి వచ్చింది. ఆ స్టడ్డులకు మర లేదు, రంధ్రంలో బిగుతుగా దిగగొట్టినవి. అది సరిచేసిన తరువాత క్యామ్ మిట్ట ఒకటి అరిగి చదునైపోయింది. అరిగిన ఇనుప పొడి నూనెలో కలిసి బేరింగులన్నింటికీ పాకింది. అంతటితో కారు గ్యారేజీలో పడింది. తమ్ముడు మళ్ళీ దానిని నడపనేలేదు.

ఎందుకు ఇట్లా జరిగింది? గుమాస్తాను గనుక కాగితం తీసుకుని లెక్క వేశాను. మామూలు స్ప్రింగు వాల్వు మూసి ఉన్నప్పుడు సుమారు 80 పౌండ్ల బలంతో పట్టుకుంటుంది. వేగం కోసం వేసే గట్టి స్ప్రింగు వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు 320 పౌండ్లు ఉందనుకుందాం. అంటే 145 కిలోలు. మన 75 కిలోల ధాన్యం బస్తాలు రెండు. అది వాల్వు వైపు. రాకరుకు ఒక వైపు చేయి పొడుగు, ఒక వైపు పొట్టి. ఈ ఇంజనులో నిష్పత్తి ఒకటిన్నర. కనుక పుష్ రాడ్డు తోయవలసింది 145కు ఒకటిన్నర రెట్లు, దాదాపు 217 కిలోలు. ఆ 217 కిలోలూ క్యామ్ మిట్ట మీద, ట్యాపెట్ మీద ఒక సన్నని గీత వెంబడి పడుతుంది. మరి మధ్యలో ఉన్న స్టడ్డు సంగతి? ఏతాము రెండు కొసల బరువూ గుంజ మీదనే కదా పడేది. ఇక్కడ అది తలకిందులు. రెండు కొసలూ స్టడ్డును పైకి పీకుతాయి. 145, 217 కలిపితే 362 కిలోలు. దాదాపు ఐదు బస్తాల బరువు, సెకనుకు పదుల సార్లు, మర లేని ఒక మేకును పీకుతున్నది. అది లేచి రావటంలో వింత ఏముంది?

కాగితం చూపిస్తే ఆ పెద్దాయన చాలాసేపు దానినే చూస్తూ ఉండిపోయాడు. “స్ప్రింగు చెడ్డది కాదు, దాని బరువు మోసేవాళ్ళను ఎవరూ అడగలేదు” అన్నాడు. మన సెక్షన్లలో కూడా చూశాము. ఒక్క గుమాస్తా చురుకుగా ఫైళ్ళు తోసేస్తే పని అయిపోదు. పక్క సీటు మీద ఆ ఫైళ్ళన్నీ గుట్టపడతాయి.

ఈసారి ఆయన పద్ధతి మార్చాడు. మొదటి ప్రశ్న సామాను గురించి కాదు, ఎంత వేగం కావాలి అని. మా మనవడు పక్కనే ఉన్నాడు. “7000 చుట్లు తిరిగితే భలే ఉంటుంది తాతయ్యా” అన్నాడు నాతో. నేను ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వి, పందేల్లో తిప్పేవారికి అది కావాలి, మా మనవరాలు దీన్ని ఆదివారం చెరువు గట్టు దాకా నడుపుతుంది, దానికి 5500 చాలు, ఎప్పుడైనా 6000 తగిలినా ఏమీ కాకూడదు, అన్నాడు. పైగా కింద ఉన్న క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లు పాతవే. పైన వాల్వులు 7000 తట్టుకున్నా కింద రాడ్లు తట్టుకోకపోతే ఏమి లాభం? అంకె ఖాయమైన తరువాతనే కేటలాగు తెరిచాడు.

మొదట స్టడ్డుల పని. హెడ్డులు రెండూ మెషీన్ షాపుకు పంపి, పాత స్టడ్డులు పీకించి, ఆ దిమ్మెలు కొంత కోయించి, మర తీయించి, మర స్టడ్డులు బిగింపించాడు. వాటి కింద గైడు ప్లేట్లు అని పలుచని ఉక్కు రేకులు వచ్చాయి. పుష్ రాడ్డు పక్కకు పోకుండా పట్టుకునేవి అవే. ఇక్కడే చూడండి, ఒకటి మారిస్తే ఇంకొకటి ఎట్లా వెంట వస్తుందో. గైడు ప్లేటుకు పుష్ రాడ్డు రాసుకుంటుంది గనుక మామూలు పుష్ రాడ్డు పనికిరాదు, రంపంతో కోసినట్లు కోసుకుపోతుంది. పైపొర గట్టిపరచిన పుష్ రాడ్లు కావాలి. అవీ తెచ్చాడు.

రెండవది రాకర్లు. పాత రేకు రాకరు కొస వాల్వు కాడ నెత్తిమీద జారుతూ రాసుకుంటుంది. బలమైన స్ప్రింగుతో ఆ రాపిడి కాడను పక్కకు నెడుతుంది, గైడు అరుగుతుంది. రోలరు రాకరులో కొసకు చిన్న చక్రం, మధ్యలో సూది బేరింగులు ఉంటాయి. రాపిడి, వేడి తగ్గుతాయి. పైగా రేకు రాకర్ల నిష్పత్తి కాగితం మీద ఒకటిన్నర అని ఉన్నా, ఒక్కొక్కటి ఒక్కొక్క రకంగా, కొంత తక్కువగా ఉండవచ్చు. యంత్రం మీద కోసి చేసిన రాకర్లు అంత తేడా పోవు. షాపతను 1.6 నిష్పత్తి రాకర్లు వేసుకోండి, వాల్వు ఇంకా ఎక్కువ తెరుచుకుంటుంది అన్నాడు. నిజమే. క్యామ్ 0.300 అంగుళం ఎత్తితే 1.5తో వాల్వు 0.450 దిగుతుంది, 1.6తో 0.480. కానీ దానితోపాటు పుష్ రాడ్డు మీద, స్టడ్డు మీద భారమూ పెరుగుతుంది, పిస్టనుకు దూరమూ తగ్గుతుంది. ఆయన 1.5 దగ్గరే ఆగాడు.

మూడవది బరువు. ఇది నాకు బాగా నచ్చిన విషయం. స్ప్రింగు వెనక్కు లాగవలసిన బరువు తగ్గిస్తే అంత గట్టి స్ప్రింగు అక్కరలేదు. అయితే ఎక్కడ తగ్గించాలి? పుష్ రాడ్డు వైపు కదలిక వాల్వు కదలికలో మూడింట రెండు వంతులే. అందుచేత ఆ వైపు ఉన్న ఒక గ్రాము వాల్వు వైపు 0.44 గ్రాముగానే తగులుతుంది. అంటే పుష్ రాడ్డు కొంచెం లావుగా, గట్టిగా ఉన్నా నష్టం లేదు. అది వంగకుండా ఉండటమే ముఖ్యం. వాల్వు వైపు మాత్రం గ్రాము గ్రాముకూ లెక్క ఉంది. అందుకే ఆయన గోపురం ఆకారపు స్ప్రింగులు తెప్పించాడు. కింద వెడల్పు, పైన సన్నం. పైన సన్నం గనుక దాన్ని పట్టే రిటైనరు బిళ్ళ చిన్నది, తేలిక. ఆ ఆకారం వలన స్ప్రింగు తనలో తాను వణకటం కూడా తగ్గుతుంది. టైటానియం రిటైనర్లు కూడా దొరుకుతాయి గాని, మన వేగానికి అక్కరలేదని మానుకున్నాడు.

నాలుగవది క్యామ్, ట్యాపెట్లు. ఇక్కడే ఆయన ఎక్కువ ఆలోచించాడు. పాత పద్ధతి ట్యాపెట్ అడుగు చదును అంటాము గాని నిజానికి అది సన్నగా ఉబ్బెత్తుగా ఉంటుంది. క్యామ్ మిట్ట కూడా కొద్దిగా ఏటవాలు. ఆ రెండింటి వలన ట్యాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ సమంగా అరుగుతుంది. తిరగటం ఆగితే మిట్ట పని అయిపోయినట్లే. ఆ రాపిడిని కాపాడేది నూనెలోని జింకు, భాస్వరం కలిసిన మందు. కానీ ఆ భాస్వరం కొత్త కార్ల సైలెన్సరు దగ్గర ఉండే క్యాటలిటిక్ కన్వర్టరును చెడగొడుతుంది. అందుచేత 2004లో వచ్చిన ఎపిఐ ఎస్.ఎం. తరగతి నుంచి మామూలు పలుచని కారు నూనెల్లో భాస్వరం 0.08 శాతం మించకూడదని పెట్టారు. కొత్త కార్లకు అది మంచిదే. పాత చదును ట్యాపెట్ల ఇంజనులో, అందులోనూ గట్టి స్ప్రింగులు ఉన్నప్పుడు, చాలదు. వీటికి ప్రత్యేకమైన నూనె పోయాలి. పైగా కొత్త క్యామ్ వేసిన మొదటి రోజు ఇంజనును నెమ్మది మీద వదలకుండా, 2000 చుట్లకు పైగా అరగంట దాకా తిప్పి దారికి తేవాలి.

“నేనున్నన్నాళ్ళు నూనె చూసుకుంటాను, తరువాత మా పిల్ల ఏ నూనె దొరికితే అది పోస్తుంది” అన్నాడు ఆయన. అందుకని చక్రం ఉన్న రోలరు ట్యాపెట్లకు మారాడు. అదే కంపెనీవారు 1987 నుంచి ఈ వరుస ఇంజన్లలో వాటిని ఫ్యాక్టరీలోనే వేయటం మొదలుపెట్టారు. చక్రం దొర్లుతుంది గనుక రాపిడి బాధ చాలా తగ్గుతుంది. అయితే ఇక్కడ కూడా వెంట వచ్చేవి ఉన్నాయి. రోలరు ట్యాపెట్లు పొడవు, కనుక పుష్ రాడ్లు పొట్టివి కావాలి. పాత క్యామ్‌ను ఆ ఏటవాలు మిట్టలే వెనక్కు నెట్టి పట్టుకునేవి. రోలరు క్యామ్‌కు ఏటవాలు లేదు గనుక అది ముందుకు జరగకుండా బొత్తాం లాంటి అడ్డు పెట్టాలి. క్యామ్ ఉక్కుదైతే డిస్ట్రిబ్యూటరు పళ్ళచక్రం దానికి సరిపడేది వేయాలి. ట్యాపెట్లు మార్చబోతే మూడు సామాన్లు అదనం! నా స్టోర్సు లెడ్జరు గుర్తుకు వచ్చింది.

బిగించే ముందు కొలతలు. ఇవి చేయనివారే ఎక్కువమంది. వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి తాకకూడదు, మొత్తం మీద 0.060 అంగుళం ఖాళీ ఉండాలి. రిటైనరు బిళ్ళ గైడు మీది సీలుకు తగలకూడదు. పిస్టనుకు, వాల్వుకు మధ్య ఖాళీ చూడటానికి పిల్లలు ఆడుకునే బంకమట్టి పిస్టను మీద పెట్టి, చేత్తో ఇంజను తిప్పి, మళ్ళీ హెడ్డు దింపి, మట్టిలో పడిన గుర్తును కోసి మందం కొలుస్తారు. గాలి వాల్వుకు 0.080, పొగ వాల్వుకు 0.100 అంగుళం ఉంటే నిశ్చింత. పుష్ రాడ్డు పొడవు సరిగ్గా ఉన్నదీ లేనిదీ తెలియటానికి వాల్వు కాడ నెత్తికి మార్కరు సిరా పూసి తిప్పి చూశారు. రోలరు గీసిన గీత సన్నగా, మధ్యలో పడితే సరి. అది ఒక పక్కకు పోతే పొడవు మార్చాలి.

ఈ పనిలో నా వంతు సాయం ఒకటుంది. విప్పిన ప్రతి సామానుకూ చీటీ కట్టి రిజిస్టరు రాశాను. ఆ ఇంజనుకు డ్రైవరు వైపు సిలిండర్లు 1, 3, 5, 7. రెండవ వైపు 2, 4, 6, 8. ఒకే క్యామ్ మీద నడిచిన చదును ట్యాపెట్లను విప్పి మళ్ళీ వాడదలిస్తే ఏ మిట్ట మీది ట్యాపెట్ ఆ మిట్ట మీదికే పోవాలి. తారుమారైతే అరుగుదల మొదలవుతుంది. కనుక ఏ ఇంజను విప్పినా చీటీలు కట్టటం గుమాస్తా చాదస్తం కాదని తెలుసుకోండి. ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. పాత కార్లకు అక్కడ అసలు సామానుతో ఉంటేనే ఎక్కువ విలువ. తీసిన రేకు రాకర్లు, పనికివచ్చే మిగతా పాత భాగాలు పారేయకుండా నూనె పూసి, కాగితంలో చుట్టి, రిజిస్టరుతో సహా పెట్టెలో పెట్టాము. రేపు ఆ పిల్ల మళ్ళీ పాత రూపానికి తేవాలనుకుంటే దారి ఉంటుంది.

పని పూర్తయిన తరువాత బండి స్టార్టు చేసిన రోజున కొత్త చప్పుడు ఏదీ రాలేదు. నెల రోజులు నడిపి, మళ్ళీ మూతలు విప్పి, నట్లు, స్టడ్డులు అన్నీ చూశారు. స్టడ్డులు ఒక్క వెంట్రుక కూడా కదలలేదు. ఆ మనవరాలు ఇప్పుడు కారును తీసుకువెళుతున్నదని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు.

మన సంగతికి వద్దాము. మనలో కొందరి ఇళ్ళల్లో పాత అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు ఇంకా ఉన్నాయి. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. ఉన్నవాటిని మనవలు ముచ్చటగా బాగుచేయించుకుంటున్నారు. సంతోషం. 1489 సి.సి. పాత అంబాసిడరు ఇంజనులో కూడా పుష్ రాడ్లు, రాకర్లు, చదును ట్యాపెట్లే. నూనె గురించి నేను చెప్పింది దానికీ వర్తిస్తుంది. కానీ అది 50 అశ్వశక్తి చుట్టుపక్కల ఇంజను. దానికి పందెం స్ప్రింగులు వేయించవలసిన పని లేదు. కావలసింది నీరసపడని మామూలు స్ప్రింగులు. మా మేస్త్రి పరీక్ష ఒకటి చెబుతాను. కొత్త స్ప్రింగును, పాత స్ప్రింగును చివరకు చివర ఆనించి, మధ్యలో ఒక వాషరు పెట్టి, వైసులో నొక్కాలి. ఏది ఎక్కువ కుంగితే అది అలిసిపోయింది.

ఇంకొకటి, పెట్రోలు. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. మనుషులకు అది విషమే గాని, వాల్వు కూర్చునే సీటుకు మాత్రం పూతలా ఉండి కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. అమెరికాలో 1996 జనవరి 1 నుంచి రోడ్డు బళ్ళకు నిషేధించారు. పాత ఇనుప హెడ్డులో పొగ వాల్వు సీటు మెల్లగా కుంగుతుంది. కుంగిన కొద్దీ ట్యాపెట్ ఖాళీ తగ్గిపోతుంది, చప్పుడు లేకుండా. వాల్వు పూర్తిగా మూసుకోదు. తన వేడిని సీటుకు ఇచ్చి చల్లబడవలసిన వాల్వు అంచు కాలిపోతుంది. కనుక చప్పుడు రాలేదు గదా అని ఊరుకోక, అప్పుడప్పుడు ఫీలరు గేజితో ఖాళీ చూపించండి. హెడ్డు దింపిన సందర్భం వస్తే గట్టి సీటు రింగులు వేయించండి.

చివరిగా, మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా పాత ఇంజనుకు బలం పెంచుతామని బయలుదేరితే నాలుగు ప్రశ్నలు అడగమని మనవి. ఒకటి, ఎంత వేగం తిప్పుతావు, ఆ అంకె కాగితం మీద రాశావా? రెండు, ఈ కొత్త సామాను బరువును దాని పక్కవాడు, ఆ పక్కవాడు మోయగలరా? మూడు, బిగించే ముందు ఖాళీలన్నీ కొలిచావా? నాలుగు, ఏ నూనె పోయాలో, తీసిన సామాను ఎక్కడ ఉందో నీ తరువాతి వారికి తెలిసేలా రాసి పెట్టావా? ఈ నాలుగింటికీ జవాబు ఉన్న పిల్లవాడిని ఆపకండి, డబ్బు కూడా సాయం చేయండి. జవాబు లేనివాడిని కోప్పడకండి. కూర్చోబెట్టి ఒక కాగితం, ఒక పెన్సిలు ఇవ్వండి. 362 కిలోల లెక్క వాడి చేతనే వేయించండి. వాడికే అర్థమవుతుంది.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కబురు వచ్చింది. సెలవు. నమస్కారం.